పచ్చ గుర్తు చెప్పేది, చెప్పనిది: కోడ్ నాణ్యత స్వయంచాలక తనిఖీలపై ఒక విమర్శ

పాఠ్యభాగ లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
- నిరంతర ఏకీకరణలో కోడ్ తనిఖీలు ఏ వరుసలో జరుగుతాయో వివరించగలుగుతారు.
- ఆ తనిఖీల బలాన్ని, పరిమితిని నిజ సంఘటనల ఆధారంగా తూచగలుగుతారు.
- ఒక కొలమానం లక్ష్యంగా మారినప్పుడు ఏం జరుగుతుందో చెప్పగలుగుతారు.
- తెలుగు వాడుకదారుల కోసం రాసే ప్రోగ్రాములకు ఎలాంటి పరీక్షలు కావాలో సూచించగలుగుతారు.

1. పరిచయం

పత్తి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లిన వారికి ఈ దృశ్యం కొత్త కాదు. రైతు తెచ్చిన పత్తిలోకి తేమ మీటరు ముల్లును గుచ్చుతారు. ఒక అంకె కనిపిస్తుంది. భారత పత్తి సంస్థ నిబంధన ప్రకారం తేమ 8 శాతం లోపు ఉంటే పూర్తి మద్దతు ధర వస్తుంది. 8 నుంచి 12 శాతం మధ్య ఉంటే ఆ మేరకు ధరలో కోత పడుతుంది. 12 శాతం దాటితే కొనరు. ఆరు నెలల కష్టం విలువ ఆ ఒక్క అంకె దగ్గర తేలుతుంది.

మీటరు వల్ల మేలు లేదని చెప్పలేం. చేతితో పట్టి చూసి ధర చెప్పే రోజుల్లో పరిచయం ఉన్నవాడికి ఒక మాట, లేనివాడికి ఒక మాట ఉండేది. మీటరుకు మొహమాటం లేదు. అయితే మీటరు తేమను మాత్రమే కొలుస్తుంది. పింజ పొడవు ఎంతో, రంగు మారిందో లేదో, గులాబీ రంగు పురుగు తిన్న కాయలు ఎన్ని కలిశాయో దానికి తెలియదు. అందుకే మీటరు పక్కన పత్తిని చేత్తో విడదీసి చూసే మనిషి ఉంటాడు. ఆ మనిషిని తీసేసి మీటరు అంకెనే ‘పత్తి నాణ్యత’ అని పిలిస్తే, తేమను నాణ్యతగా పొరబడినట్టు అవుతుంది.

సాఫ్ట్‌వేర్ తయారీలో ఇలాంటి మీటర్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. ప్రోగ్రామర్ కోడ్‌ను అప్పగించిన ప్రతిసారీ యంత్రం దాన్ని పరీక్షించి, బాగుంటే పచ్చ గుర్తు, లేకుంటే ఎర్ర గుర్తు చూపిస్తుంది. వరంగల్ పక్కన మడికొండలో 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలు మొదలయ్యాయి. డిగ్రీ పూర్తి చేసి అలాంటి కార్యాలయాల్లో చేరే విద్యార్థి పనిని మొదట చూసేది పై అధికారి కాదు, ఈ గుర్తు. కాబట్టి అది ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలుసుకోవడం మీకు అవసరం. పచ్చ గుర్తు ‘అడిగిన ప్రశ్నలకు జవాబు దొరికింది’ అని మాత్రమే చెబుతుంది, ఏ ప్రశ్నలు అడగాలో నిర్ణయించే పని మనిషిదే, ఆ పనిని మరిచిన చోట పచ్చ గుర్తు మోసం చేస్తుంది అన్నది ఈ పాఠ్యభాగం వాదన.

2. తనిఖీల వరుస: ఏది ఏం చూస్తుంది?

ఒకే ప్రోగ్రాము మీద పదిమంది పనిచేస్తారనుకోండి. ఎవరి భాగాన్ని వారు నెలల తరబడి విడిగా రాసుకుని చివర్లో కలిపితే, ఒకరి మార్పు మరొకరి మార్పును చెడగొడుతుంది. ఏ తప్పు ఎక్కడ పుట్టిందో తేలదు. దీనికి విరుగుడుగా వచ్చిన పద్ధతే నిరంతర ఏకీకరణ. వాడుకలో దీన్ని కంటిన్యూయస్ ఇంటిగ్రేషన్ అంటారు. ఈ మాటను గ్రేడీ బూచ్ వాడారు. 1990ల చివర్లో ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ ఉద్యమం దీన్ని రోజువారీ అలవాటుగా మార్చింది. నేడు జెన్‌కిన్స్, గిట్‌ల్యాబ్, గిట్‌హబ్ యాక్షన్స్ వంటి పరికరాలతో చిన్న బృందాలు కూడా దీన్ని నడుపుతున్నాయి.

వరుస సాధారణంగా ఇలా ఉంటుంది.

మొదటిది బిల్డ్. అప్పగించిన కోడ్‌ను సర్వర్ తీసుకుని, మిగతా వారి కోడ్‌తో కలిపి, ప్రోగ్రాముగా మారుతుందో లేదో చూస్తుంది.

రెండవది స్థిర విశ్లేషణ. ప్రోగ్రామును నడపకుండా, రాసిన కోడ్‌ను చదివి లోపాలను వెదకడం. ఈ రకం పరికరాలకు ఆద్యం ‘లింట్’. బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ 1978లో సీ భాష కోసం దీన్ని రాశారు. బట్టకు అంటుకున్న నూలు పోగులను ఏరివేసినట్టు కోడ్‌లోని చిన్న దోషాలను ఏరుతుంది కాబట్టి ఆ పేరు. మన జిన్నింగ్ మిల్లుల్లో గింజ తీసిన దూదిని పిలిచే మాట కూడా ఇదే. కోడ్‌లో ఎన్ని దారులు చీలుతున్నాయో లెక్కించే సైక్లోమాటిక్ కాంప్లెక్సిటీ అనే కొలతను థామస్ మెకేబ్ 1976లో ప్రతిపాదించారు. స్థిర విశ్లేషణ పరికరాలు ఇప్పటికీ దాన్ని వాడుతున్నాయి.

మూడవది యూనిట్ పరీక్షలు. ప్రోగ్రాములోని చిన్న చిన్న భాగాలకు ఒక విలువ ఇచ్చి, ఆశించిన జవాబు వస్తుందో లేదో చూడడం.

నాలుగవది కవరేజీ. పరీక్షలు నడిచినప్పుడు కోడ్‌లో ఎంత శాతం పంక్తులు అమలయ్యాయో చెప్పే అంకె.

చివరిది క్వాలిటీ గేట్. పై అంకెలన్నీ నిర్ణయించిన హద్దుల్లో ఉంటేనే కోడ్ ముందుకు వెళ్తుంది. ఉదాహరణకు సోనార్‌క్యూబ్ పరికరంతో పాటు వచ్చే గేటు, కొత్తగా రాసిన కోడ్‌కు కనీసం 80 శాతం కవరేజీ ఉండాలని, అందులో ఒకే పంక్తులు మళ్లీ మళ్లీ రావడం 3 శాతం మించకూడదని అడుగుతుంది.

ఈ అయిదు దశల్లో యంత్రం తనంతట తాను ‘ఇది మంచి ప్రోగ్రామా?’ అని ఎక్కడా అడగదు. పంక్తి నడిచిందా, అంకె హద్దులో ఉందా, రాసిన జవాబూ వచ్చిన జవాబూ ఒకటేనా అని మాత్రమే అడుగుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
అ) స్థిర విశ్లేషణకూ యూనిట్ పరీక్షకూ గల తేడా ఏమిటి?
ఆ) కవరేజీ అంకె దేనిని కొలుస్తుంది? దేనిని కొలవదు?

3. తనిఖీల బలం: 2014 ఫిబ్రవరి

విమర్శ అంటే తప్పులెన్నడం మాత్రమే కాదు. ముందు ఎదుటి పక్షం బలాన్ని న్యాయంగా చెప్పాలి.

2014 ఫిబ్రవరి 21న ఆపిల్ సంస్థ తన ఫోన్లకు అత్యవసరంగా ఐఓఎస్ 7.0.6 అనే సవరణను విడుదల చేసింది. కారణం ఒకే ఒక అదనపు పంక్తి. ఫోను ఏదైనా వెబ్‌సైటుతో రహస్యంగా మాట్లాడేముందు, అవతలి వారు నిజంగా వారేనా అని సంతకాన్ని సరిచూస్తుంది. ఆ కోడ్‌లో ‘గోటూ ఫెయిల్’ అనే పంక్తి పొరపాటున రెండుసార్లు పడింది. మొదటిది షరతుకు లోబడి ఉంది. రెండవదానికి షరతు లేదు. ఫలితంగా సంతకాన్ని సరిచూసే అసలు భాగానికి ప్రోగ్రాము ఎప్పటికీ చేరేది కాదు, అయినా ‘అంతా సరే’ అని జవాబిచ్చేది. అదే నెట్‌వర్క్‌లో ఉన్న దుండగుడు బ్యాంకు వేషం వేసుకుని మధ్యలో కూర్చోగల ప్రమాదం ఏర్పడింది.

రాసిన మనిషి కన్ను ఇలాంటి తప్పును సులభంగా దాటేస్తుంది. ఒకేలాంటి రెండు పంక్తులు పక్కపక్కన ఉంటే మనసు వాటిని ఒకటిగా చదువుతుంది. యంత్రానికి ఆ బలహీనత లేదు. ‘ఈ పంక్తి తరువాతి కోడ్‌కు ఎవరూ చేరలేరు’ అని హెచ్చరించే సౌకర్యం క్లాంగ్ అనే కంపైలర్‌లో అప్పటికే ఉంది. దాన్ని ఆన్ చేసి తనిఖీల వరుసలో పెట్టి ఉంటే ఎర్ర గుర్తు వచ్చేది.

ఈ సంఘటన రెండు సంగతులు నేర్పుతుంది. మొదటిది: స్వయంచాలక తనిఖీలు అలసిపోవు, తొందరపడవు, పెద్ద పేరున్న ప్రోగ్రామర్ రాశాడని తల వంచవు. కొత్తగా చేరిన వారికి ఇది నిజమైన మేలు. రెండవది కాస్త లోతుగా ఆలోచిస్తే కనిపిస్తుంది. ఆ హెచ్చరిక కంపైలర్‌లో ఉన్నా దానంతట అది మోగదు. ఎవరో ఒకరు దాన్ని కోరి ఆన్ చేయాలి. అంటే అంత సూటి విషయంలో కూడా ప్రశ్న అడగడం మనిషి వంతే.

4. తనిఖీల పరిమితి: 2018 ఫిబ్రవరి

సరిగ్గా నాలుగేళ్ల తరువాత, మళ్లీ ఫిబ్రవరిలో, అదే సంస్థ ఫోన్లు మరో కారణంతో వార్తల్లోకి వచ్చాయి. ఈసారి కారణం మన భాష. తెలుగు అక్షరాల ఒక ప్రత్యేక వరుస సందేశంగా వస్తే చాలు, దాన్ని తెరమీద చూపబోయి ఆ యాప్ కుప్పకూలేది. అది నోటిఫికేషన్‌గా వస్తే ఫోను హోమ్ స్క్రీనును నడిపే ప్రోగ్రామే ఆగిపోయేది. ప్రపంచమంతటా పత్రికలు దీన్ని ‘తెలుగు అక్షరం బగ్’ అని రాశాయి. 2018 ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో సంస్థ దీన్ని సరిచేసింది.

ఆ వరుసను విడదీసి చూద్దాం. ‘జ్ఞా’ అన్న అక్షరం మన కంటికి ఒకటే. కంప్యూటరు లోపల అది నాలుగు ముక్కలు: జ, పొల్లు, ఞ, ఆ దీర్ఘపు గుర్తు. సమస్య వచ్చిన వరుసలో ఞకు, దీర్ఘానికి మధ్య కంటికి కనిపించని అయిదవ ముక్క ఉంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. రెండు అక్షరాలు కలిసి వత్తుగా మారకుండా విడదీసేది అది. ఇదేదో అరుదైన గుర్తు అనుకోకండి. ఈ పాఠంలో పదేపదే వచ్చే ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ట్ కింద వ వత్తు పడకుండా ఆపుతున్నది ఆ గుర్తే. అంటే వరుసలోని ప్రతి ముక్కా తెలుగులో రోజూ వాడేదే. వాటిని కలిపిన క్రమం మాత్రమే అసాధారణం.

ఇప్పుడు రెండు ఫిబ్రవరులను పక్కపక్కన పెట్టి చూడండి. 2014 నాటి తప్పును ఏ భాష తెలియని యంత్రమైనా పట్టగలదు, ఎందుకంటే అది కోడ్ ఆకారంలోనే ఉంది. 2018 నాటి తప్పు కోడ్ ఆకారంలో కాదు, కోడ్ ఎదుర్కొన్న సమాచారంలో బయటపడింది. చక్కగా రాసిన, హెచ్చరికలు లేని, కవరేజీ నిండుగా ఉన్న కోడ్‌లో కూడా ఇలాంటి తప్పు దాగి ఉండగలదు. కోట్లాది ఫోన్లకు చేరేవరకూ దారిలోని ఏ తనిఖీ దాన్ని ఆపలేదన్నది వాస్తవం. ఆపాలంటే ‘తెలుగులో ఈ ముక్కలు ఈ క్రమంలో వస్తే?’ అని ముందే ఎవరో అడిగి ఉండాలి.

5. కుప్పకూలని తప్పు: ఒక చిన్న ప్రయోగం

ఫోను ఆగిపోతే కనీసం తెలుస్తుంది. ఏమీ ఆగకుండా, నిశ్శబ్దంగా జరిగే తప్పు మరింత ప్రమాదకరం. దీన్ని మీరే చేసి చూడవచ్చు.

హాల్ టికెట్టుపై పేరు ముద్రించే ఒక ప్రోగ్రాము ఉందనుకుందాం. స్థలం తక్కువ కాబట్టి పేరులో మొదటి 8 అక్షరాలనే తీసుకోవాలని నియమం. పైథాన్‌లో ఇది ఒక్క పంక్తి పని. దానికి ఒక పరీక్ష కూడా రాశారు: లక్ష్మి అన్న పేరును ఇంగ్లిషు అక్షరాల్లో ఇస్తే, అందులో 7 అక్షరాలే ఉన్నాయి కాబట్టి పేరు మొత్తం తిరిగి రావాలి. వచ్చింది. ఉన్నది ఒకే పంక్తి, అది నడిచింది, కాబట్టి కవరేజీ 100 శాతం. లింట్‌కు అభ్యంతరం లేదు. కాంప్లెక్సిటీ అతి తక్కువ. గేటు తెరుచుకుంది. పచ్చ గుర్తు.

ఇప్పుడు అదే ప్రోగ్రాముకు ‘జ్ఞానేశ్వరి’ అని తెలుగులో ఇవ్వండి. మన కంటికి అది జ్ఞా, నే, శ్వ, రి అనే నాలుగు అక్షరాలు. ఎనిమిదిలోపే కాబట్టి మొత్తం రావాలి. కానీ పైథాన్ లెక్కించేది యూనికోడ్ ముక్కలను. ఆ లెక్కన ఈ పేరులో 11 ముక్కలు ఉన్నాయి: జ, పొల్లు, ఞ, దీర్ఘం, న, ఏత్వం, శ, పొల్లు, వ, ర, గుడి. మొదటి ఎనిమిదింటిని తీసుకుంటే మిగిలేది ‘జ్ఞానేశ్’.

పేరు చెడిపోయినట్టు కూడా కనిపించదు. చక్కని మగపేరుగా మారిపోయింది. ప్రోగ్రాము ఆగలేదు, హెచ్చరిక రాలేదు, ముద్రణ అందంగానే ఉంది. పరీక్ష కేంద్రం ద్వారం దగ్గర గుర్తింపు కార్డులోని పేరుకూ హాల్ టికెట్టులోని పేరుకూ పొంతన కుదరక నిలబడిపోయేది ఆ అమ్మాయి. ఆమెకు మన 100 శాతం కవరేజీ ఏ విధంగా సాయపడుతుంది?

ఇక్కడ పరీక్ష లేకపోవడం కారణం కాదు. ఉన్న పరీక్ష ఎవరిని ఊహించుకుని రాశారన్నది అసలు కారణం. ఇంగ్లిషు అక్షరాల్లో పేరు రాసుకునే వాడుకదారుని ఊహించుకుని రాసిన పరీక్ష, తెలుగులో పేరు రాసుకునే వాడుకదారును లెక్కలోకే తీసుకోలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
అ) ‘శ్రీనివాస్’ అన్న పేరులో కంటికి కనిపించే అక్షరాలు ఎన్ని? యూనికోడ్ ముక్కలు ఎన్ని?
ఆ) 2014, 2018 సంఘటనల మధ్య ప్రధాన భేదాన్ని రెండు వాక్యాల్లో రాయండి.

6. కొలత లక్ష్యంగా మారితే

బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ఒక పరిశీలన చేశారు. ఒక కొలతను అదుపు సాధనంగా వాడటం మొదలుపెట్టగానే అది నమ్మదగిన కొలతగా నిలవదు అన్నది దాని సారం. ఆయన చెప్పింది డబ్బు చలామణి గురించి. కానీ కోడ్ గేట్లకు ఇది అచ్చంగా వర్తిస్తుంది.

గేటు 80 శాతం కవరేజీ అడుగుతోంది. గడువు సాయంత్రానికే ఉంది. ప్రోగ్రామర్ దగ్గర రెండు దారులు ఉన్నాయి. ఒకటి, ఏ సందర్భంలో ఈ కోడ్ తప్పుతుందో ఆలోచించి పరీక్ష రాయడం. రెండవది, ఫంక్షన్‌ను పిలిచి, వచ్చిన జవాబును సరిచూడకుండా వదిలేసే పరీక్ష రాయడం. రెండు దారుల్లోనూ పంక్తులు నడుస్తాయి, రెండింటికీ కవరేజీ అంకె ఒకటే. రెండవది అయిదు నిమిషాల పని. మీటరు ముందు నిలబడేలోగా పై పొరను మాత్రం ఎండబెట్టిన బస్తా లాంటిది అది. ముల్లు లోపలికి దిగితే తెలుస్తుంది, దిగకపోతే తెలియదు.

దీన్ని వ్యక్తి బద్ధకంగా కొట్టిపారేయడం సరికాదు. అంకెను బట్టే మెచ్చుకోలు, అంకెను బట్టే మందలింపు ఉన్న చోట మనుషులు అంకె కోసమే పనిచేస్తారు. తప్పు అంకెకు అంత అధికారం ఇచ్చిన ఏర్పాటులో ఉంది.

దీనికి సాంకేతికంగా ఒక మందు ఉంది. మ్యుటేషన్ టెస్టింగ్ అనే పద్ధతిలో యంత్రమే కోడ్‌లో కావాలని చిన్న తప్పులు పెడుతుంది: కూడికను తీసివేతగా, ‘కంటే ఎక్కువ’ను ‘కంటే తక్కువ’గా మారుస్తుంది. అప్పుడు పరీక్షలు ఎర్రబారాలి. ఎర్రబారకపోతే ఆ పరీక్షలు కాపలా కాయడం లేదన్నమాట. పై పొర ఎండబెట్టిన బస్తాలోకి ముల్లును లోతుగా దింపే పద్ధతి ఇది. అయితే ఇది కూడా ఉన్న ప్రశ్నల గట్టిదనాన్నే చూస్తుంది. రాయని ప్రశ్నను కనిపెట్టదు. ‘జ్ఞానేశ్వరి’ దీనికీ చిక్కదు.

7. చెల్లే సంఖ్యే, తప్పు సంఖ్య

2019 ఏప్రిల్ 18న విడుదలైన తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఫలితాల్లో గందరగోళంపై వరంగల్‌తో సహా రాష్ట్రమంతటా ఆందోళన చెలరేగింది. ప్రభుత్వం త్రిసభ్య కమిటీని వేసింది. సాఫ్ట్‌వేర్ లోపాలు, మూల్యాంకనంలో మనుషులు చేసిన తప్పులు రెండూ బయటపడ్డాయి. తప్పిన 3 లక్షలకు పైగా విద్యార్థుల జవాబు పత్రాలను ఉచితంగా పునఃపరిశీలించగా 1,137 మంది ఉత్తీర్ణులని తేలింది. ఫలితాలు వచ్చిన రోజుల్లో పలువురు విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ మరణాలన్నిటినీ ఈ తప్పులకే ముడిపెట్టడం సరికాదు. కానీ ఒక తప్పు అంకె ఎంత బరువైనదో ఆ రోజులు చూపించాయి.

ఇది కోడ్ తనిఖీల వరుసకు నేరుగా చెందిన సంఘటన కాదు. అయినా ఇక్కడ ప్రస్తావించడానికి కారణం అందులోని ఒక ఉదంతం. ఒక విద్యార్థినికి తెలుగులో 99 మార్కులు రావాల్సి ఉండగా 0 అని ఫలితం వచ్చింది. మూల్యాంకనం చేసిన వారు ఓఎంఆర్ పత్రంలో 99కి బదులు 00 దిద్దడం దీనికి కారణం.

ఒక సాధారణ తనిఖీ దీన్ని పట్టగలదా? మార్కుల విషయంలో ఎవరికైనా మొదట తోచే నియమం ‘విలువ 0కు, 100కు మధ్య ఉండాలి’ అన్నది. 0 ఆ నియమాన్ని నిక్కచ్చిగా పాటిస్తుంది. తనిఖీ పచ్చ గుర్తు ఇస్తుంది. సంఖ్య చెల్లుతుంది, కానీ అది తప్పు సంఖ్య. ఇలాంటి దాన్ని పట్టాలంటే మరో రకం ప్రశ్న కావాలి: మొదటి సంవత్సరంలో బాగా చదివిన విద్యార్థికి రెండవ సంవత్సరంలో ఒకే సబ్జెక్టులో సున్నా వస్తే, దాన్ని ముద్రించేముందు ఒక మనిషి చూడాలి కదా? ఈ ప్రశ్న ప్రోగ్రామింగ్ పుస్తకంలో దొరకదు. తరగతి గదిలో పిల్లల మార్కులు దిద్దిన ఉపాధ్యాయునికి తోస్తుంది.

దీనికి జోడించవలసిన పాత అలవాటు ఇంకొకటి ఉంది. కొత్త వ్యవస్థను తెచ్చినప్పుడు పాతదాన్ని వెంటనే ఆపకుండా, రెండింటినీ కొంతకాలం పక్కపక్కన నడిపి ఫలితాలను పోల్చడం. ఖర్చు ఎక్కువే. కానీ ఎవరికీ తోచని ప్రశ్నలను కూడా ఆ పోలిక బయటపెడుతుంది. రెండు లెక్కలు తేడా వచ్చిన ప్రతి చోటా ఒక ప్రశ్న పుడుతుంది.

8. ఆక్షేపణలు, సమాధానాలు

ఈ వాదనకు ఎదురు చెప్పవచ్చు. ముఖ్యమైన మూడు ఆక్షేపణలను పరిశీలిద్దాం.

మొదటి ఆక్షేపణ: యంత్రానికి భాష తెలియనక్కరలేదు, ఎడాపెడా ఏ వరుసలనైనా పుట్టించి ప్రోగ్రాము మీదికి విసిరే ఫజింగ్ పద్ధతి ఉంది కదా? నిజమే. గూగుల్ 2016లో ప్రారంభించిన ఓఎస్ఎస్-ఫజ్ సేవ అనేక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లను ఇలా రాత్రింబగళ్లు పరీక్షిస్తోంది. తెలుగు అక్షరాలను తెరమీద పేర్చే హార్ఫ్‌బజ్ కూడా వాటిలో ఉంది. 2018 నాటి లాంటి తప్పును ఈ పద్ధతి పట్టగలదు. ఈ ఆక్షేపణను ఇంతవరకు ఒప్పుకోవాలి. కానీ ఫజింగ్ పట్టేది కుప్పకూలడాన్ని. ‘జ్ఞానేశ్వరి’ ‘జ్ఞానేశ్’గా మారడం కుప్పకూలడం కాదు. అది తప్పని తెలుగు చదివే మనిషికే తెలుస్తుంది.

రెండవ ఆక్షేపణ: మనుషుల సమీక్ష నెమ్మది, పక్షపాతం గలది, దాన్ని తగ్గించడానికే కదా యంత్రం? ఇది కూడా బలమైనదే. అయితే ఇక్కడ కోరుతున్నది ప్రతి పంక్తినీ మనిషి చదవాలని కాదు. ఖాళీలు, పంక్తి పొడవు, పేర్ల తీరు వంటి వాటిని యంత్రానికే వదిలేయాలి. అలా మిగిలిన సమయాన్ని యంత్రం అడగలేని ప్రశ్నలకు వాడాలి. గేటు వచ్చిందని సమీక్షనే మానేసిన బృందం ఆ మిగులును పోగొట్టుకుంటుంది.

మూడవ ఆక్షేపణ: కృత్రిమ మేధ ఇప్పుడు పరీక్షలను కూడా రాస్తోంది కదా? రాస్తోంది, వేగంగానే. కానీ కోడ్‌ను, దాని పరీక్షను ఒకే యంత్రం రాస్తే, కోడ్ ఎవరిని మరిచిందో పరీక్ష కూడా వారినే మరిచే అవకాశం ఎక్కువ. తన జవాబు పత్రాన్ని తానే దిద్దుకునే విద్యార్థి పరిస్థితి అది.

9. నిర్ధారణ

డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అర్ధ శతాబ్దం కిందటే చెప్పిన సంగతి ఒకటి ఉంది: పరీక్షలు తప్పులు ఉన్నాయని చూపగలవు, లేవని నిరూపించలేవు. పచ్చ గుర్తును చదవవలసిన తీరు ఇదే. అది యోగ్యతాపత్రం కాదు. ‘ఇప్పటివరకు మీరు అడిగిన వాటిలో అభ్యంతరం కనబడలేదు’ అనే రసీదు.

ఈ దృష్టితో చూస్తే స్వయంచాలక తనిఖీలను తీసేయాలని ఎవరూ అనరు. వాటికి ఇచ్చే స్థానం మారాలి. అందుకు మూడు సూచనలు. ఒకటి, బయటపడిన ప్రతి తప్పునూ సరిదిద్దడంతో ఆగక, దాన్ని ఒక శాశ్వత పరీక్షగా వరుసలో చేర్చాలి. రెండు, కవరేజీ అంకెను దారి చూపే గుర్తుగా వాడాలి, మనిషిని తూచే రాయిగా వాడకూడదు. మూడు, పరీక్షకు వాడే పేర్లు, ఊర్లు, తేదీలు ఆ ప్రోగ్రామును నిజంగా వాడబోయే మనుషులవి కావాలి.

మూడవ సూచనలో మీ వంతు ఉంది. తెలుగు మాధ్యమంలో చదవడం ఈ రంగంలో లోటు అని మీకు ఎవరైనా చెప్పి ఉండవచ్చు. ఈ పాఠంలోని ఉదాహరణలు మరో సంగతి చెబుతున్నాయి. ‘జ్ఞ’ ఎలా విడిపోతుందో, ‘క్ష్మి’లో ఎన్ని ముక్కలున్నాయో, ‘౯’ కూడా అంకేనని, ఇంటిపేరు ముందు రాసే అలవాటు ఉందని తెలిసినవారు పరీక్షలు రాసే బల్ల దగ్గర ఉండాలి. ప్రజల నోట పలికే భాషకే గౌరవం దక్కాలని జీవితమంతా వాదించిన కాళోజీ నారాయణరావు కుటుంబం స్థిరపడిన ఊరు మడికొండే. ఆ ఊరి పక్కన కూర్చుని రాసే కోడ్‌కు తెలుగులో పేరు రాసుకునే మనిషి గుర్తుండకపోతే, ఎన్ని పచ్చ గుర్తులు వెలిగినా ఆ పని పూర్తయినట్టు కాదు.

10. సారాంశం

నిరంతర ఏకీకరణలోని తనిఖీలు బిల్డ్, స్థిర విశ్లేషణ, యూనిట్ పరీక్షలు, కవరేజీ, క్వాలిటీ గేట్ అనే వరుసలో సాగుతాయి. కోడ్ ఆకారంలోని తప్పులను పట్టడంలో వీటికి సాటి లేదు. 2014 సంఘటన ఇందుకు ఉదాహరణ. సమాచారంలో, వాడుకదారుల భాషలో దాగిన తప్పులను పట్టాలంటే తగిన ప్రశ్నను ముందే ఎవరో అడిగి ఉండాలి. 2018 తెలుగు అక్షర సంఘటన, ‘జ్ఞానేశ్వరి’ ప్రయోగం దీన్ని చూపుతాయి. కొలత లక్ష్యమైతే దాని విశ్వసనీయత తగ్గుతుంది. 2019 ఫలితాల ఉదంతం, చెల్లే విలువ సరైన విలువ కానక్కరలేదని గుర్తుచేస్తుంది. ప్రశ్నలను ఎంపిక చేసే బాధ్యత మనిషిదే.

11. నమూనా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. క్వాలిటీ గేట్ అంటే ఏమిటి? ఒక ఉదాహరణతో వివరించండి.
2. మ్యుటేషన్ టెస్టింగ్ ఏ లోపాన్ని బయటపెడుతుంది? దేనిని బయటపెట్టలేదు?
3. ఫజింగ్ గురించిన ఆక్షేపణను రచయిత ఎంతవరకు అంగీకరించారు?

II. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ‘పచ్చ గుర్తు యోగ్యతాపత్రం కాదు, రసీదు’ అన్న అభిప్రాయాన్ని సమర్థిస్తూ గానీ ఖండిస్తూ గానీ చర్చించండి.
2. కవరేజీ శాతాన్ని ఉద్యోగి పనితీరుకు కొలబద్దగా వాడటంలోని మంచిచెడులను పరిశీలించండి.

III. అభ్యాసం
మీ కుటుంబంలోని అయిదుగురి పేర్లను తెలుగులో రాసి, కంటికి కనిపించే అక్షరాలను, యూనికోడ్ ముక్కలను విడివిడిగా లెక్కించండి. 8 ముక్కల తరువాత కత్తిరిస్తే ఏ పేరు ఎలా మారుతుందో పట్టికగా రాయండి. ఆ తప్పును పట్టే ఒక పరీక్షను మీ మాటల్లో వివరించండి.